గెలిచినవాళ్లే వడ్డించాలి

రెండు రాజ్యాలు, ఒక కొండకోట, రెండేళ్ల కరువు, తొమ్మిదిమంది వీరులు, వాళ్లలో ఒకడు ఊపిరి బిగబట్టి ఒక్క దెబ్బతో నలుగురు శత్రువులను కూల్చిన వైనం, ఆపైన అతను చేసిన త్యాగం. ఇదంతా పద్దెనిమిది పర్వాలకు తగ్గకుండా చెబుతాను, చాపలు పరుచుకుని కూర్చోండి అని మొదలుపెట్టాలనుకున్నాను. తీరా కలం పట్టాక నిజం గుర్తొచ్చింది. రాజ్యాలంటే ఉదయగిరి, ఆత్మకూరు. యుద్ధమంటే చెడుగుడు. ఆ వీరుడు మా అన్న ఓబన్న. అతను ఎవరినీ కూల్చలేదు, తనే పడ్డాడు. కోట మాత్రం నిజమే. కొండ మీద ఉంది. దానికీ ఈ కథకూ సంబంధం లేదు.

ముప్పై ఏళ్లకే జ్ఞాపకాలు రాయడమేమిటని మా ఆవిడ అడిగింది. పళ్లు ఊడేదాకా ఆగితే మనిషి ఉంటాడన్న పూచీ ఏమిటన్నాను. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. అసలు నాకు రాయాలని పుట్టించింది ఒక గరిటె. మొన్న ఆత్మకూరు నుంచి ఒక కుర్రాడు దాన్ని గుడ్డలో చుట్టి తెచ్చాడు. వాళ్ల తాత పెంచలయ్య పోయాడట. ఇల్లు సర్దుతుంటే దూలంలో దోపిన గరిటె దొరికిందట. "ఇది ఉదయగిరోళ్లదిరా, ఇచ్చేసిరా అని పోయేముందు చెప్పినాడు. మీదే కదా?" అన్నాడు. కూర్చో, మజ్జిగ తాగు అన్నాను. అతను తాగి వెళ్లిపోయాడు. మాదేనో కాదో నేను చెప్పనే లేదు.

మూరెడు కాడ, దోసిలంత గుంట, అంతా ఒకే చెక్క. మా కొండ మీది చెక్కతో మా ఊళ్లోనే తొలిచింది. అది మా రెండు ఊళ్ల చెడుగుడుకు బహుమానం. వేరే చోట్ల గెలిచినవాడికి పొట్టేలు ఇస్తారు, తలపాగా చుడతారు. మా దగ్గర గరిటె ఇస్తారు, అంటే వండే పని అప్పగిస్తారు. ఓడినవాళ్లు విస్తళ్ల ముందు కాళ్లు మడుచుకుని కూర్చుంటారు, గెలిచినవాళ్లు నడుం వంచి వడ్డిస్తారు. ఈ ఏర్పాటు చేసింది మా తాతా, ఆ పెంచలయ్యా, ఇద్దరూ కుర్రాళ్లుగా ఉన్నప్పుడు. అంతకుముందు ఆట అయ్యాక ఓడినవాళ్లు రాళ్లు అందుకునేవాళ్లట. "ఓడినోడికి కోపమూ ఎక్కువే, ఆకలీ ఎక్కువే. ఆకలి తీరిస్తే కోపం దానంతటదే పోతాది" అనేవాడు తాత. ఎవరి ఊపిరితో ఆట గెలిచారో వాళ్లింటి పొయ్యి మీదే వంట కావాలి. పొరుగూరి బరిలో గెలిస్తే, తర్వాతి పున్నమికి వాళ్లను మన ఊరికి పిలిచి పెట్టాలి. ఈ చివరి నియమం ఒకటుందని మాకు తెలుసుగానీ, ఎడారివాడికి ఓడలు తెలిసినట్టు తెలుసు. ఏటా రెండు రోజులు నడిచి ఆత్మకూరు పోవడం, ఓడడం, వాళ్ల చెరువు కింద పండిన వరన్నం వంకాయ పులుసుతో తినడం, మళ్లీ రెండు రోజులు నడిచి రావడం. మెట్ట పైరు తప్ప ఎరగని మాకు వరన్నమంటే పండగకో జ్వరానికో దొరికేది. ఆ ఆటలో మేం నష్టపోయామని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

మా ఇంట్లో పొద్దు సజ్జల కాగుతో మొదలయ్యేది. వంటింటి మూల నా నడుమెత్తు మట్టి కాగు. అందులో విత్తనం సజ్జలు, బూడిద, వేపాకు కలిపి పోసి, మూకుడు మూసి, మూతి చుట్టూ మట్టీ పేడా మెత్తి పెట్టేది అవ్వ. మామూలు ఏళ్లలో పైరు రాగానే పాత గింజ తీసి కొత్తది పోసేది. ధాత నామ సంవత్సరంలో కరువు వచ్చి కొత్త గింజన్నది లేకపోయేసరికి పాతదే అలా ఉండిపోయింది. అవ్వ లేచీ లేవగానే, ముఖం కూడా కడుక్కోకుండా, వేలి కణుపుతో కాగును మూడుసార్లు తట్టి చెవి ఆనించేది. "ఏమంటుండాయి అవ్వా?" అని ఒకసారి అడిగాను. "నీకంటే తక్కువే మాట్లాడుతుండాయి" అంది. ఎండిన పేడ, వేపాకు, బూడిద కలిసిన ఆ వాసన ఆ రెండేళ్లూ మాకు వంట వాసన కింద లెక్క. మా నాయనా అమ్మా తూర్పున ఎక్కడో కాలువ తవ్వే కరువు పనికి పోయారు. (తిరిగొచ్చారు, కంగారు పడకండి.) నేనూ అన్నా రోడ్డు పనిలో కంకర కొట్టి, వాళ్లు పోసిన గంజి ముంతలో ఇంటికి తెచ్చేవాళ్లం. చింతగింజలు వేయించి నానబెట్టి రుబ్బితే జిగటగా ఒకటి తయారవుతుంది. దానికి పేరు పెట్టే ఓపిక ఎవరికీ లేకపోయింది.

తాత మాత్రం పగలంతా ఆ కాగుకే వీపు ఆనించి కూర్చునేవాడు. పొగాకు దొరక్క చింతపుల్ల నమిలేవాడు. రెండో ఎండాకాలంలో ఒకరోజు అన్న చేతిలో రాయి పట్టుకుని కాగు ముందుకు వచ్చాడు. తాత కదలలేదు. "పెట్రా ఆ రాయి కింద. రేపు వానొస్తే ఏం చల్తారు, నా ఎముకలా?" అని నవ్వాడు. అన్న రాయి కింద పెట్టాడు. వారం తిరక్కుండా తాత పోయాడు, కూర్చున్న మనిషి కూర్చున్నట్టే. అవ్వ వచ్చి ఆయన్ను మెల్లగా పక్కకు ఒరిగించింది. కాగు మూతి ఎక్కడైనా బీటలిచ్చిందేమోనని చుట్టూ తడిమి చూసుకుంది. ఆ తర్వాత ఏడిచింది. నేను చూశాను, ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు మీకు చెప్పాను, మీరూ చెప్పకండి.

ఆ తర్వాత మొదటి వాన పడింది. నేల తాగేసి, పడనట్టే ఊరుకుంది. రెండో వాన పడితే పదును, అప్పుడు విత్తనం అని అవ్వ లెక్క. ఆ మధ్యలో ఆత్మకూరు నుంచి కబురు. రెండేళ్లుగా ఆగిన ఆట మళ్లీ ఆడదాం, రమ్మని. అంత తీపి కబురు మా వీధిలోకి చాలాకాలంగా రాలేదు. ఆటగాళ్లు తొమ్మిదిమంది, వెనక మేము. మేమంటే గరిటెలు తొలిచే ఖాసిం మామ, గొర్రెలు లేని గొర్రెలకాపరి పుల్లయ్య మామ, నేను. వాళ్లిద్దరికీ మావాళ్ల ప్రతి ఓటమీ తిథివార నక్షత్రాలతో గుర్తు. నాకప్పుడు పద్దెనిమిదేళ్లు. ఆడాల్సిన వయసే, కానీ కూతకు వెళ్లిన రెండుసార్లూ మధ్యలో నవ్వొచ్చి ఊపిరి పోయింది. అప్పటినుంచి నన్ను గీత చివర కూర్చోబెట్టారు.

మావాళ్లు ఓడిపోవడానికి పూర్తి సన్నాహంతో వెళ్లారు. రెండు రోజులు నడిచారు, ఏమీ తినలేదు. అయినా ఆట ఎందుకో వంకరగా సాగింది. మావాడు గాల్లో చెయ్యి విసిరితే వాళ్లలో ఒకడు తనకు తగిలిందంటూ బరి దిగిపోయాడు. వాళ్లవాడు కూతకు వచ్చి మా మధ్య పెళ్లికొడుకులా నిలబడ్డాడు. ఆటలో చచ్చినవాళ్లు లేచి పక్కన కూర్చోవచ్చు. కరువులో ఆ సౌకర్యం ఉండదు. చివరికి మా వైపు ఓబన్న ఒక్కడు, వాళ్ల వైపు నలుగురు మిగిలారు. ఇక అయిపోయిందని పుల్లయ్య మామ తువ్వాలు దులిపి, పొయ్యి ఏ దిక్కున వెలిగించారో చూడసాగాడు. ఓబన్న కూత పెట్టి వెళ్లాడు. నలుగురూ మీద పడ్డారు. కాళ్లు తేలిపోయి, బోర్లా పడ్డాడు. చాచిన చెయ్యి గీత దాటి రెండు వేళ్లు ఇవతల పడింది. మొహం దుమ్ములో ఉంది, పెదవులు మాత్రం కదులుతున్నాయి. నేను గీత చివరే ఉన్నాను. చెడుగుడు, చెడుగుడు. చీమ నడిచినంత చప్పుడు, కానీ ఆగలేదు. న్యాయం చెప్పడానికి నిలబడిన పెంచలయ్య ఒక్క క్షణమైనా ఆలోచించకుండా "చెల్లింది! ఉదయగిరోళ్లు గెలిచినారు!" అని అరిచి, నడుముకు దోపుకున్న గరిటె తీసి దుమ్ములో ఉన్న మా అన్న చేతిలో పెట్టాడు.

మేం కేక వెయ్యలేదు. వేసే అలవాటు లేదు. కాసేపటికి పుల్లయ్య మామ నా మోచెయ్యి పట్టుకుని, "ఒరే, అయితే ఇప్పుడు కూడు?" అన్నాడు.

తిరుగుదారిలో అనంతసాగరం దాకా వచ్చాం. చెరువు కట్ట మీద పుల్లయ్య మామే మొదలుపెట్టాడు.

"పడితే పడినావు గానీ ఓబులూ, వెనక్కి పడకూడదా?"

"నలుగురు పట్టుకున్నాక ఎటు పడాల్నో చూసుకునే తీరికుంటాదా మామా?"

"అదే మీ తాతయితే చూసుకునేవాడు."

"మా తాతయితే పడేవాడే కాదు."

"ఏందిరా దీన్ని గెలుపంటారా?" అన్నాడు ఖాసిం మామ. "ఎప్పుడూ ఓడేవోడు ఒకసారి గెలిస్తే ఆట నేర్చినట్టు కాదు. ఓడడం మరిచిపోయినట్టు."

"రెండేళ్లు ఆడకపోతే అంతే మామా, చెయ్యి తప్పుతాది" అన్నాను. ఎవరూ నవ్వలేదు. నా మాటకు నవ్వకపోవడం ఆ నెలలో ఆనవాయితీ అయిపోయింది.

అందరూ ముందు నడుస్తుంటే అన్న వెనకబడి నా పక్కకు వచ్చాడు. గరిటె భుజాన వేసుకున్నాడు, అదేదో గద అయినట్టు. "చిన్నోడా, కూత ఆగలేదు కదా?"

"ఆగలా."

"నువ్వు విన్నావుగా?"

"విన్నాను."

"చాల్లే" అన్నాడు. అంత ఆకలిలోనూ అతని నడకలో ఏదో తేడా ఉంది. పుట్టి బుద్ధెరిగాక మా అన్న దేంట్లోనూ గెలవడం నేను చూడలేదు. అతనూ చూడలేదు.

ఇంటికి వచ్చాక అవ్వ గరిటెను చూసింది, అన్నను చూసింది. "గెలిచినావా?" అంది. గెలిచానన్నాడు. "మీ తాత ఉండుంటే ఊరంతా చెప్పుకునేవాడు" అని గరిటె గోడకు తగిలించింది. ఆ రోజునుంచి తన చాప కాగు ముందు అడ్డంగా పరుచుకుంది.

అక్కడినుంచి పున్నమి దాకా ఖాసిం మామ అరుగు మీద విచారణ జరిగింది. ఆయన చెక్క తొలుస్తూ ఉండేవాడు. కొనేవాళ్లు లేరు, చేతులు ఊరుకోవు. ఆ పచ్చి చెక్క వాసనలో, పొట్టు మధ్య కూర్చుని, గెలిచిన ఆటను మేం ఓడిన ఆటలకంటే ఎక్కువగా కోశాం. ఎవడు ఎక్కడ అడుగు తప్పు వేశాడు, ఎవడు ఓడగలిగి ఉండీ ఓడలేదు. నాలుగోరోజున ఖాసిం మామ ఉలి కింద పెట్టాడు.

"పుల్లన్నా, వాళ్లు కావాలనే ఓడినారు."

"ఏంది?"

"ఆ బరి దిగిపోయినోడికి దెబ్బ తగల్లా. నేను చూసినాను. పెంచలయ్య గరిటె ఇంటి కాడ పెట్టకుండా నడుముకు ఎందుకు దోపుకోనుండాడు? మన చేతిలో పెట్టనీకే. వాళ్ల చెరువూ ఎండిపోయిందిరా. మనం వాళ్ల కూటికి పోయినాం. వాళ్లు మన కూటికి పిలిచినారు."

పుల్లయ్య మామ చాలాసేపు పొట్టు వేళ్లతో నలిపాడు. "ఓడిపోవడం కూడా మనకంటే బాగా ఆడినారన్నమాట" అన్నాడు.

పొద్దు గూకితే మాకు ఆకాశం చూడాలంటే భయం. సన్నగా గోరంత ఉన్న చంద్రుడు దోసబద్దంత అయ్యాడు, ఆపైన సగం రొట్టె అయ్యాడు. లోకంలో తిని ఒళ్లు చేస్తున్నది వాడొక్కడే. పున్నమికి ఎవరేం తెస్తారో అనుకున్నారు. విస్తళ్లు నావి అన్నాడు పుల్లయ్య మామ. విస్తళ్లు నావి అని ఇంకో ఇద్దరన్నారు. చింతచిగురు తెస్తామన్నారు కొందరు. విస్తళ్లకు కొరత లేదు, వాటిలో పడేదే లేదు. వీధిలో గింజ ఉన్నది ఒక్క ఇంట్లో. ఆ మాట ఎవరూ అనలేదు. మా గడప ముందు నుంచి పోయేటప్పుడు మాత్రం అందరికీ మెడ అటే తిరిగేది.

అన్న రెండు రోజులు మింగి, మూడోరోజు కక్కేశాడు. "పిలిచి పెట్టకపోతే ఊరి మాట పోతాదవ్వా. నా గెలుపు, నా ఇల్లు. రేపు తలెత్తుకుని ఎట్ట నడిచేది?"

"నడవనీకి తల కాదురా, కాళ్లుండాల" అంది అవ్వ. "గింజ నేలలో పడకపోతే వచ్చే యేటికి అవీ ఉండవు."

"మరి వాళ్లొస్తే ఏం చెప్తావు?"

అవ్వ కాగును తట్టి చెవి ఆనించింది.

పున్నమి నాడు పొద్దున్నే పడమట కొండల మీద మబ్బు పట్టింది. మధ్యాహ్నానికి వాళ్లొచ్చారు. రెండు రోజుల దుమ్ముతో తొమ్మిదిమంది, ముందు కర్ర పట్టుకుని పెంచలయ్య. దగ్గరగా చూస్తే ఖాసిం మామ అన్నది నిజమే. వాళ్ల భుజాల ఎముకలూ మా ఎముకల్లాగే ఉన్నాయి. ఒక్కొక్కరి చంకలో ఒక చిన్న మూట మాత్రం ఉంది. పెంచలయ్య గడప దగ్గర నిలబడి, "అన్న ఏడీ వదినా?" అన్నాడు.

"పోయినాడు."

"అయ్యో. ఏమైంది?"

"ఏం కాలా. తినలా."

పెంచలయ్య లోపలికి చూశాడు. మూల కాగు, మూతికి చెదరని మెత్తుడు, ముందు అడ్డంగా చాప, కాగు పొట్ట మీద వీపు ఆని ఆని నున్నబడిన చోటు. ఎంతసేపు చూశాడో నాకు తెలియదు. వెనక్కి తిరిగి, అందరికీ వినబడేటట్టు అన్నాడు.

"ఓబన్నా, ఆ రోజు నేను తప్పు చెప్పినాను నాయనా. నీ కూత గీతకు ముందరే ఆగిపోయింది. మీరు గెలవలా. మేమే గెలిచినాం."

ఇక్కడ మావాళ్ల సంగతి చెప్పాలి. ఇన్నాళ్లూ అరుగు మీద కూర్చుని అది గెలుపే కాదని రుజువు చేసిన మనుషులు. ఆ ఒక్క మాట చాలు, వండే పని తప్పిపోతుంది, కాగు బతుకుతుంది. పుల్లయ్య మామ ఒక్క గెంతు గెంతాడు.

"ఎవుడు చెప్పినాడు ఆగిందని? గీత మీద నిలబడి అరిచింది నువ్వే గదా! ముసలోడివై పోయినావు, చెవుల్లో దూది పెట్టుకో!"

"మావోడి కూత కొండకు వినపడింది!" అన్నాడు ఖాసిం మామ. ఉలి చేతిలోనే ఉంది. మిగతావాళ్లూ లేచారు. అందరినీ ఎక్కిరించే నేను కూడా లేచాను. "గీత చివర నేనుండాను, నేను విన్నాను" అనబోతున్నాను. అన్న నావైపు చూశాడు. నోరు మూసుకున్నాను. మా ఇంట్లో నేను నోరు మూసుకున్న సందర్భాలు తక్కువ కాబట్టి ఇది రాస్తున్నాను.

అవ్వ గడపలోకి వచ్చింది. "ఆయనా ఈయనా ఎందుకు. ఓబులూ, ఊపిరి నీది. నువ్వు చెప్పు. ఆగిందా?"

మా అన్న గోడ మీది గరిటె తీశాడు. దాన్ని అటూ ఇటూ తిప్పాడు. కూతకు వెళ్లే ముందు పీల్చినట్టు ఒక్కసారి ఊపిరి పీల్చాడు.

"ఆగిందవ్వా."

"యాడ?" అన్నాడు పుల్లయ్య మామ, ఇంకా ఒప్పుకోలేక.

"గీతకు జానెడు ముందర."

"బెత్తెడంటే సరిపెట్టుకుంటాం. జానెడా!" అని మామ తువ్వాలు నేలకేసి కొట్టి కూలబడ్డాడు. అన్న గరిటెను పెంచలయ్య చేతిలో పెట్టాడు. పెంచలయ్య అతని ముఖంలోకి చూడలేదు. అన్న కూడా చూడలేదు. తిరుగుదారికని వాళ్లు చంకల్లో దాచుకున్న నూకల మూటలు ఒక్కొక్కటే విప్పారు. మా పొయ్యి మీద, మా కుండలో, చింతచిగురు వేసి జావ కాచారు. మా ఊరివాళ్లం ఎప్పటిలాగే వరసగా కూర్చున్నాం, వాళ్లు నడుం వంచి వడ్డించారు. మావాళ్లు తింటూనే ఓబన్నతో మాట్లాడడం మానేశారు. అవ్వ రెండు గుక్కలు తాగి "ఉప్పు తక్కువైంది" అంది. "గెలిచినోళ్లు పెట్టిందే తినాల వదినా" అన్నాడు పెంచలయ్య.

ఆత్మకూరు పోయే రోడ్డు ఆ కరువులో మేం కొట్టిన కంకరదే. ఇప్పుడు బళ్లు దాని మీద హాయిగా పోతున్నాయి. చెడుగుడుకు మాత్రం ఎవరూ పోవడం లేదు. నా పిల్లలు కంచంలో ముద్ద వదిలేసి లేస్తారు. నేనేమీ అనను, ఆ ముద్ద నేను తింటాను. మా ఆవిడ ఇది పిసినారితనమంటుంది. అన్నకు ఆ గెలుపు ఒక్కటే గెలుపు, మళ్లీ రాలేదు. జానెడు ముందర ఆగిన ఓబులు అని ఊళ్లో ఇప్పటికీ అంటారు, అతను తల ఊపుతాడు. గరిటె వచ్చిందని మొన్న చూపిస్తే చేతిలోకి తీసుకుని, కాడ కొంచెం బీటలిచ్చిందని మాత్రం అన్నాడు.

పున్నమి వెళ్లిన మూడోరోజు రెండో వాన పడింది. ఎద్దులు లేవు కనుక నేనూ అన్నా గొర్రు లాగాం, అవ్వ వెనక నుంచి గింజ వదిలింది. ఒక్క గింజ పక్కకు పడితే వంగి ఏరి మళ్లీ వేసింది. తర్వాత రోజూ పొద్దున కాగు దగ్గరికి బదులు చేను దగ్గరికి పోయి కూర్చునేది. వారం అయింది. పదిరోజులయింది. అక్కడొకటి ఇక్కడొకటి లేచాయి, మిగతా చేనంతా తడి మట్టే. గట్టు మీద పోతున్న రైతు ఒకాయన ఆగి, ఏ యేటి విత్తనమని నన్ను అడిగాడు. చెప్పాను. రెండేళ్లు దాటిన సజ్జ సరిగా మొలవదన్నాడు. దంచి అంబలి కాచుకుంటే మాత్రం బాగానే ఉంటుందట.